పళ్లెంలో ఉన్నది, ఒంటికి పట్టేది: ఒకే ఇంటి అత్తాకోడళ్ల కేసు

పోయిన శ్రావణమాసంలో ఒక సోమవారం పొద్దున మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసే క్లినిక్‌కు దేవరకద్ర వైపు పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. అత్తకు 58 ఏళ్లు, కోడలికి 31. వెంట కొడుకు కూడా వచ్చాడు. అతను కుర్చీలో కూర్చోకముందే ఫోన్ తీసి రెండు ఫొటోలు చూపించాడు. ఒకటి భార్య అరచేతులది. పసుపు ముద్ద పిసికి కడుక్కున్నట్టు ఉన్నాయి. రెండోది తల్లికి ఎర్రగా వచ్చిన మూత్రానిది. భార్యకు పచ్చకామెర్లని, తల్లికి కిడ్నీలు పాడైనాయని రెండు రోజులుగా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

"ఇద్దరూ రోజూ కూరగాయలే తింటరు మేడమ్. బయటి తిండి ముట్టుకోరు. మంచిగ తినేటోళ్లకే ఇట్లెందుకైతది?" అని అడిగాడు.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. డైటీషియన్‌గా నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఏం తినాలో చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది ఉన్నారు. తిన్నదాంట్లో ఎంత ఒంటికి పడుతుంది, మిగతాది ఎటు పోతుంది అన్న మాట మాత్రం పేషెంట్లకు ఎవరూ చెప్పడం లేదు. ఈ ఇంట్లో ఇద్దరూ దాదాపు ఒకే సంతలో కొన్న కూరగాయలు తింటున్నారు. ఒకరి ఒంటికి అందులోని మేలు చేరడం లేదు. ఇంకొకరి ఒంటికి చేరింది గానీ అక్కడే రంగుగా నిలిచిపోయింది. ఇంత స్పష్టంగా రెండు వైపులూ ఒకే గడపలో కనిపించడం నాకు ఇదే మొదటిసారి. పేర్లు, ఊరు రాయడం లేదు. మిగతా వివరాలు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

అత్త సంగతి

వచ్చేనాటికి 14 నెలల ముందు రాళ్లు ఉన్నాయని ఆమెకు పిత్తాశయం తీసేశారు. ఇంటికి పంపే రోజు "నూనె వస్తువులు బంద్ చేయండి" అన్నారట. ఎన్నాళ్లో చెప్పలేదు. ఆమె ఆ మాటను ఇప్పటిదాకా అక్షరాలా పాటిస్తోంది.

"చుక్క నూనె ముట్టుకుంటలేను మేడమ్. దినాం ఆకుకూరనే. అయినా రక్తం ఎక్కుతలేదు" అంది.

నేను రోజంతా ఏం తింటారో అడగను, ఎట్లా వండుతారో అడుగుతాను. అది చెప్పించడానికి అరగంట పట్టింది. తోటకూర, పాలకూర, పుంటికూర, గంగవాయిలికూర, ఏది దొరికితే అది సన్నగా తరుగుతుంది. తరిగిన తర్వాత కడుగుతుంది. పెద్ద గిన్నెలో నిండుగా నీళ్లు పోసి, మూత లేకుండా అరగంట ఉడికించి, పసరు వాసన పోవాలని ఆ నీళ్లు పారబోస్తుంది. గట్టిగా పిండి ఉప్పు, కారం కలిపి జొన్నరొట్టెతో తింటుంది. పోపు లేదు, పల్లీల పొడి లేదు. పెరుగు మీది మీగడ తీసేస్తుంది. గుడ్డు, మాంసం ఆపరేషన్‌తోనే మానేసింది.

రొట్టె తినగానే గ్లాసు నిండా చాయ్. డాక్టరు ఐదు నెలల కింద రాసిన ఐరన్ గోళీ, క్యాల్షియం గోళీ రెండూ ఆ చాయ్‌తోనే మింగుతుంది. పొద్దున పరగడుపున గ్యాస్ గోళీ ఒకటి. అది ఆపరేషన్ నాటి నుంచీ నడుస్తోంది.

హిమోగ్లోబిన్ 9.1. ఐదు నెలల కిందటి కాగితంలో 9.0 ఉంది. అంటే 150 ఐరన్ గోళీలు మింగినా మార్పు రాలేదు. ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష, 9 వచ్చింది. మాట మధ్యలో ఆమె ఇంకో సంగతి చెప్పింది. "పొద్దుగూకితే గడప కానొస్తలేదు. మొన్న కోడె మీద పడబోయిన." కళ్లు కూడా పొడిబారి గరగరలాడుతున్నాయంది. కంటి డాక్టరు చూసి, శుక్లం మొదలైంది గానీ చూపు ఇంత తగ్గేంత లేదన్నారు. విటమిన్-ఎ పరీక్ష ఇక్కడ చేయరు. రక్తం హైదరాబాద్ ల్యాబ్‌కు పంపితే డెసీలీటరుకు 17 మైక్రోగ్రాములు వచ్చింది. 20 లోపు ఉంటే లోపం కింద లెక్క.

రోజూ తోటకూర తినే మనిషికి విటమిన్-ఎ లోపం.

ఎర్ర మూత్రం విషయం ముందే తేలిపోయింది. పరీక్షలో రక్తకణాలు లేవు. మూత్రం ఎర్రగా రావడానికి ముందురోజు కోడలు జ్యూస్ చేసుకుంటే తనూ ఒక గ్లాసు తాగింది. అందులో బీట్‌రూట్ ఉంది. ఆ ఎరుపు రంగు పదార్థం కొందరిలో విరగకుండా పేగు గోడ దాటి రక్తంలో కలిసి మూత్రంలోకి దిగుతుంది. ఐరన్ తగ్గినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే బీట్‌రూట్ తిన్నాక మూత్రం ఎర్రగా వచ్చిందని ఎవరైనా చెబితే, భయం లేదని చెప్పి పంపకుండా ఒకసారి ఫెర్రిటిన్ చూపించుకోమంటాను.

ఆహారం జోలికి పోకముందు ఆమెను ఫిజీషియన్ దగ్గరికి పంపాను. నెలసరి ఆగిపోయిన మహిళకు ఐరన్ ఇంతగా పడిపోయిందంటే, కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడాలి. అది చూడకుండా నెపం తిండి మీద వేయడం తప్పు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేశారు. కొద్దిగా గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు, తప్ప ఏమీ లేదు. బీ12 కూడా తక్కువగా ఉంటే దానికి వేరుగా మందు ఇచ్చారు.

కోడలి సంగతి

రెండో కాన్పు తర్వాత జుట్టు రాలుతోందని, ముఖం మీద కాంతి రావాలని ఆమె నాలుగు నెలలుగా జ్యూస్ తాగుతోంది. రోజుకు ఐదారు క్యారెట్లు, ఒక బీట్‌రూట్ మిక్సీలో వేసి, వడకట్టకుండా తాగుతుంది. పొద్దున పల్లీ చట్నీతో దోశ తింటూ తాగుతుంది. సాయంత్రం బొప్పాయి. వారానికి రెండుసార్లు తీపి గుమ్మడికాయ కూర.

అరచేతులు, అరికాళ్లు, ముక్కు పక్కల మడతలు పసుపు. కనుగుడ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. చూసిన నిమిషంలో నాకు ధైర్యం వచ్చింది. కామెర్లయితే ముందు కళ్లే పచ్చబడతాయి. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ నార్మల్ వచ్చింది. ఇది కెరోటినీమియా, అంటే క్యారెట్ లాంటి వాటికి నారింజ రంగు ఇచ్చే కెరోటిన్ రక్తంలో ఎక్కువై చర్మంలో చేరడం.

అక్కడితో ఆగిపోయి ఉంటే సగం కేసు జారిపోయేది. అలసట, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, ఆరు కిలోల బరువు పెరగడం, ఇవన్నీ అడిగితే చెప్పింది. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ 18, థైరాయిడ్ హార్మోన్ టీ4 తక్కువ, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 168. థైరాయిడ్ మందగించింది. అరచేతి రంగు వెనక అది కూడా ఉంది.

ఆకులోంచి రక్తంలోకి

కూరగాయల్లో మేలు చేసే పదార్థాలు వేలల్లో ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో దారిలో పోతుంది. ఈ కేసులో ముఖ్యమైంది కెరోటినాయిడ్ల, అంటే కెరోటిన్ జాతి రంగు పదార్థాల, దారి కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

తోటకూరలో, పాలకూరలో బీటా కెరోటిన్, ల్యూటిన్ రెండూ ఉంటాయి. పచ్చదనం వాటిని కప్పేస్తుంది కాబట్టి ఆ నారింజ రంగు మనకు కనిపించదు. ఆకు కణం లోపల, పత్రహరితం ఉండే చోట, ప్రొటీన్లకు అతుక్కుని ఉంటాయి. చుట్టూ గట్టి కణం గోడ. క్యారెట్‌లో అదే కెరోటిన్ చిన్న చిన్న స్ఫటికాల్లా గడ్డకట్టి ఉంటుంది. బొప్పాయి, మామిడి పండులో నూనె బొట్లలో కరిగినట్టుగా ఉంటుంది. అందుకే పండులోంచి తేలిగ్గా బయటపడుతుంది, ఆకులోంచి కష్టంగా. మన కడుపులో కణం గోడను అరిగించే ఎంజైమ్ లేదు. ఆ గోడను పగలగొట్టేవి కత్తి, రోలు, మిక్సీ, పొయ్యి మీది వేడి, మన పళ్లు. పచ్చి క్యారెట్ ముక్క కరకర నమిలితే అందులోని కెరోటిన్‌లో చాలా భాగం అట్లాగే బయటికి పోతుంది.

గోడ పగిలాక ఇంకో అడ్డంకి. కెరోటిన్ నీళ్లలో కరగదు. పేగులో ఉన్నదంతా నీళ్లే. కూరలో కాస్త నూనె ఉంటే అది అందులోకి చేరుతుంది. ఆ నూనె చిన్నపేగు మొదట్లోకి రాగానే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది, క్లోమం కొవ్వును విడగొట్టే రసాన్ని పంపుతుంది. ఈ రెండూ కలిసి నూనెను కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా చేస్తాయి. మైసెల్స్ అంటారు. కెరోటిన్ ఆ ఉండల్లో ఎక్కి పేగు గోడ దాకా చేరుతుంది. లోపలికి పోయాక కొంత భాగం అక్కడే ఒక ఎంజైమ్ వల్ల విటమిన్-ఎగా మారుతుంది. మిగతాది కెరోటిన్‌గానే కొవ్వు రేణువుల్లో చుట్టబడి, నేరుగా రక్తంలోకి పోకుండా ముందు లింఫ్ నాళాల్లోకి, అక్కడి నుంచి మెడ దగ్గర రక్తంలోకి చేరుతుంది.

ఇంత ప్రయాణం మొదలు కావడానికి కావలసింది కొంచెం నూనె. భోజనానికి 3 నుంచి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూన్. అది లేకపోతే కూర ఎంత మంచిదైనా ఈ పదార్థాలు లోపలికి పోవు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో చేసి 2004లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఏడుగురికి పచ్చి కూరగాయల సలాడ్ ఇచ్చి రక్తం పరీక్షించారు. కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో తిన్నప్పుడు రక్తంలోకి కెరోటినాయిడ్లు దాదాపు చేరలేదు. నూనె కలిపినప్పుడు చేరాయి. విటమిన్-ఎ లెక్కల్లో కూడా ఈ తేడా ఉంది. అమెరికా వైద్య సంస్థ 2001లో ఖాయం చేసిన లెక్క ప్రకారం, ఒక మైక్రోగ్రాము విటమిన్-ఎ రావాలంటే నూనెలో కరిగించిన బీటా కెరోటిన్ 2 మైక్రోగ్రాములు చాలు. అదే మామూలు ఆహారంలోంచి అయితే 12 కావాలి.

అత్త పళ్లెంలో ఈ దారి ఎక్కడెక్కడ తెగిందో ఇప్పుడు చూడండి. ఉడికించడం వల్ల కణం గోడ పగిలింది, ఆ మేరకు ఆమె చేసింది మంచిదే. కానీ నూనె చుక్క లేదు. నూనె లేదు కాబట్టి పైత్యం చేయాల్సిన పని చేయలేదు. ఆపరేషన్‌తో పైత్యరసమే ఆగిపోయిందని ఆమె అనుకుంటోంది. అది నిజం కాదు. పైత్యాన్ని తయారుచేసేది కాలేయం, రోజుకు అర లీటరు పైనే. పిత్తాశయం దాన్ని దాచిపెట్టే 30 నుంచి 50 మిల్లీలీటర్ల సంచి మాత్రమే. సంచి తీసేసినా పైత్యం రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. ఒకేసారి ఎక్కువ నూనె పడితే ఇబ్బందిగానీ, కొంచెం కొంచెంగా పెడితే చాలామందికి అరుగుతుంది. ఆ ఒక్క మాట ఆమెకు ఇంటికి పోయే రోజే చెప్పి ఉంటే ఈ ఏడాది బాధ తప్పేది. దీని గురించి నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే ఇట్లాంటి వాళ్లను నేను నెలకు ఇద్దరు ముగ్గురిని చూస్తున్నాను.

కోడలి దగ్గర అన్నీ తెరిచి ఉన్నాయి. మిక్సీ కణాలను చితక్కొట్టింది. పల్లీ చట్నీలో కొవ్వు ఉంది. 100 గ్రాముల క్యారెట్‌లో 5 నుంచి 8 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ఆమె రోజుకు 400 గ్రాముల దాకా తాగుతోంది. అంత లోపలికి పోతే శరీరం తనను తాను కాపాడుకుంటుంది. విటమిన్-ఎ సరిపడా ఉన్నప్పుడు పేగు ఆ మార్చే ఎంజైమ్‌ను తగ్గించుకుంటుంది. అందుకే క్యారెట్లు ఎన్ని తిన్నా విటమిన్-ఎ విషమయ్యేంత పెరగదు. మాత్రలతో ఆ ప్రమాదం ఉంది. మారకుండా మిగిలిన కెరోటిన్ కొలెస్ట్రాల్ రేణువులతో పాటు రక్తంలో తిరిగి, చర్మం మందంగా ఉండే అరచేతుల్లో, అరికాళ్లలో చేరుతుంది. థైరాయిడ్ మందగిస్తే ఆ మార్పు ఇంకా నెమ్మదిస్తుంది, ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఆమెలో రెండూ జరిగాయి.

చాయ్, గోళీ, పారబోసిన నీళ్లు

ఆకుకూరలోని ఐరన్ మాంసంలోని ఐరన్ లాంటిది కాదు. పేగు దాన్ని తీసుకోవాలంటే పుల్లటి వాతావరణం కావాలి. విటమిన్-సి దగ్గరుంటే అది ఐరన్‌ను పేగు తీసుకునే రూపంలోకి మారుస్తుంది. జొన్నల్లోని ఫైటేట్లు, చాయ్‌లోని టానిన్లు దాన్ని పట్టుకుని వదలవు. 1983లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో భోజనంతో పాటు టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టడం 64 శాతం తగ్గింది. కాఫీతో 39 శాతం తగ్గింది. టానిన్లు కూడా మొక్కల నుంచి వచ్చే పాలీఫెనాల్సే, వాటికీ వాటి మేలు ఉంది. అందుకే నేను ఎవరినీ చాయ్ మానేయమనను. భోజనానికి, చాయ్‌కి మధ్య గంట, వీలైతే రెండు గంటలు ఉంచమంటాను.

గ్యాస్ గోళీ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అవసరం ఉన్న కాలానికి అది మంచి మందు. అవసరం తీరాక ఏడాది పైన నడిస్తే ఐరన్, బీ12 రెండూ తగ్గే అవకాశం ఉంది. ఎవరూ తమంతట తాము ఆపకూడదు. ఈమెకు ఫిజీషియన్ చూసి మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. క్యాల్షియం గోళీ కూడా ఐరన్‌కు అడ్డమే.

ఇక పారబోసిన నీళ్లు. కెరోటిన్ నీళ్లలో కరగదు కాబట్టి ఆ నీళ్లతో పోదు. పోయేవి ఫోలేట్ అనే బి విటమిన్, విటమిన్-సి. పాలకూరను నీళ్లలో ఉడికించి నీళ్లు తీసేస్తే ఫోలేట్ దాదాపు సగం పోతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. క్యాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవాళ్లకు పాలకూర ఉడికించిన నీళ్లు పారబోయడమే మంచిది, ఆక్సలేట్ కొంత తగ్గుతుంది. ఈమెకు ఉన్నవి పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీలో కాదు. ఈ రెండింటినీ ఇంట్లో కలిపేసుకున్నారు.

ఏం మార్చాం

కొత్త వంటలేవీ చెప్పలేదు. పాలమూరు వంటిల్లు మరిచిపోయినదాన్నే తిరిగి పెట్టమన్నాను. ఆకు ముందు కడిగి తర్వాత తరగడం. పిడికెడు పప్పుతో, సరిపడా నీళ్లతో, మూత పెట్టి ఉడికించడం, నీళ్లన్నీ పప్పులోనే ఇంకిపోవడం. ఒక టీ స్పూన్ పల్లీ నూనెలో ఎల్లిగడ్డ, జీలకర్ర, ఎండుమిరపకాయ పోపు. దించాక నిమ్మకాయ పిండడం. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్-సి వేడికి తగ్గుతుంది. రొట్టె పక్కన పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కునే అలవాటు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సిఎఫ్‌టిఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ధాన్యాలకు ఉల్లి, ఎల్లిగడ్డ కలిపితే ఐరన్, జింక్ ఎక్కువగా విడుదలయ్యాయి. అది గాజు పాత్రల్లో జీర్ణక్రియను అనుకరించి చేసిన పని, మనుషుల మీద కాదు. అయినా ఖర్చు లేనిది, నష్టం లేనిది, కాబట్టి చెబుతాను.

నూనె మళ్లీ మొదలుపెట్టించడంలో నేను పొరపాటు చేశాను. మొదటి ప్లాన్‌లోనే మధ్యాహ్నం భోజనానికి రెండు టీ స్పూన్ల నూనె, దాని మీద రెండు పెద్ద స్పూన్ల పల్లీల పొడి రాశాను. పల్లీల బరువులో దాదాపు సగం కొవ్వే. మూడో రోజు ఫోన్ వచ్చింది, పొద్దుటి నుంచి ఐదుసార్లు నీళ్ల విరేచనాలు. ఆమె చాలా భయపడింది, "నూనె నాకు పడదని ముందే చెప్పిన" అంది. ఆమె భయం న్యాయమైనదే. 14 నెలలు కొవ్వు లేకుండా ఉన్న పేగు మీద, పైత్యం దాచే సంచి లేని మనిషి మీద, ఒక్క పూటలో అంత కొవ్వు వేయకూడదు. పైత్యం పెద్దపేగులోకి ఎక్కువగా జారితే అక్కడ నీళ్లను లాగుతుంది. ఇది తెలిసి కూడా, ఆమె లోపం త్వరగా తీర్చాలన్న ఆత్రంలో తొందరపడ్డాను. రెండు రోజులు మజ్జిగన్నంతో ఆపి, తర్వాత పూటకు అర టీ స్పూన్‌తో, రోజుకు నాలుగు చిన్న భోజనాలతో మళ్లీ మొదలుపెట్టాం. నాలుగు వారాలకు పూటకు ఒక టీ స్పూన్ దాకా వచ్చింది. పల్లీల పొడి ఆరో వారంలో, ఒక చిన్న చెంచాతో. ఇప్పుడు పిత్తాశయం తీసేసిన ప్రతి ఒక్కరికీ నేను ఈ మెట్ల పద్ధతిలోనే రాస్తున్నాను.

ఐరన్ గోళీ మారలేదు, అదే కంపెనీది, అదే మోతాదు. వేళ మారింది. పొద్దున 11 గంటలకు, సగం నిమ్మకాయ పిండిన నీళ్లతో, లేదా ఒక జామపండుతో. క్యాల్షియం రాత్రికి పోయింది. చాయ్ ఉదయం ఆరున్నరకు, సాయంత్రం నాలుగింటికి. విటమిన్-ఎ లోపానికి ఫిజీషియన్ తక్కువ కాలానికి మందు ఇచ్చారు. వారానికి మూడు గుడ్లు తినడానికి ఒప్పుకుంది. కార్జం వద్దంది, బలవంతం చేయలేదు.

కోడలికి క్యారెట్ జ్యూస్ ఆపించాను. వారానికి రెండుసార్లు క్యారెట్ కూర చాలన్నాను. థైరాయిడ్ గోళీ తెల్లవారుజామున ఉత్తి నీళ్లతో, గంట దాకా చాయ్ వద్దు, ఐరన్, క్యాల్షియం లాంటివి వాడితే నాలుగు గంటల ఎడం.

గోబీ గురించి ఒక గొడవ

థైరాయిడ్ అని తెలిసిన రోజే ఎవరో బంధువులు ఆమెకు గోబీ, క్యాబేజీ, ముల్లంగి జన్మలో తినొద్దని చెప్పారు. రెండోసారి వచ్చినప్పుడు ఆవాలు కూడా మానేసింది. ఇది నాకు దాదాపు ప్రతి థైరాయిడ్ పేషెంట్‌తో ఎదురయ్యే సమస్య.

ఈ కూరగాయల్లో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఉంటాయి. కణంలో ఒక గదిలో అవి, ఇంకో గదిలో వాటిని విరగ్గొట్టే ఎంజైమ్. కోసినప్పుడు, నమిలినప్పుడు, దంచినప్పుడు రెండూ కలుస్తాయి. అప్పుడు ఘాటు పుడుతుంది. ఆవాలు గింజగా ఉన్నప్పుడు వాసన ఉండదు. ఆవపిండి తడి తగలగానే ముక్కుకెక్కుతుంది. ఆవకాయ ఘాటు అదే. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటు రాదు, వేడికి ఎంజైమ్ పనిచేయకుండా పోతుంది కాబట్టి. మేలు చేసే సల్ఫరఫేన్ లాంటివి ఈ చర్య వల్లే తయారవుతాయి. గోబీ, క్యాబేజీ కోసి కాసేపు ఉంచి తర్వాత వండితే ఆ చర్యకు సమయం దొరుకుతుంది. ఎల్లిగడ్డ కూడా అంతే, దంచి పది నిమిషాలు ఉంచి పోపులో వేయాలి. ఎంజైమ్ చచ్చిపోయినా పెద్దపేగులోని బ్యాక్టీరియా ఆ పనిలో కొంత చేస్తుంది.

ఇదే చర్యలో పుట్టే కొన్ని పదార్థాలు థైరాయిడ్ అయోడిన్‌ను తీసుకోకుండా అడ్డుపడగలవు. అయోడిన్ లేని ఉప్పు తింటూ, పచ్చివి రోజూ పెద్ద మొత్తంలో తింటే ఆలోచించాల్సిందే. అయోడైజ్డ్ ఉప్పు వాడుతూ, వారానికి రెండుసార్లు వండిన గోబీ తింటే భయపడేదేమీ లేదు. ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారో అడిగాను. పచ్చళ్లకు కల్లుప్పు, కూరల్లోకి ప్యాకెట్ ఉప్పు. అట్లాగే వాడుకోమన్నాను. ఆవాలు మళ్లీ పోపులోకి వచ్చాయి.

ఇంకో చిన్న మాట కూడా చెప్పాను. ఆమె ఉల్లిగడ్డ పై పొరలు రెండు మూడు ఒలిచి పారేస్తుంది. క్వెర్సెటిన్ అనే పాలీఫెనాల్ ఆ పై పొరల్లోనే ఎక్కువ. ఎండిన పొట్టు తీసేస్తే చాలు. ఉల్లిలో అది చక్కెరకు అతుక్కుని ఉంటుంది. చిన్నపేగు గోడ మీది ఎంజైమ్ ఆ చక్కెరను విడగొట్టాకే లోపలికి పోతుంది. ఇట్లాంటి పాలీఫెనాల్స్‌లో చాలా భాగం చిన్నపేగు దాటి పెద్దపేగుకు పోతుంది, అక్కడి బ్యాక్టీరియా వాటిని ముక్కలు చేశాక మనకు అందుతాయి. అందుకే పీచు, పెరుగు, గంజి గురించి పాలీఫెనాల్స్ మాట వచ్చినప్పుడల్లా చెబుతాను.

ఫలితాలు

అత్తకు ఆరో వారానికి హిమోగ్లోబిన్ 10.2. మూడో నెలకు 11.5. ఆరో నెలకు 12.2, ఫెర్రిటిన్ 34. విటమిన్-ఎ మూడో నెలకు 36. మందు మొదలైన మూడో వారానికే సాయంత్రం పూట గడప కనిపిస్తోందని చెప్పింది. ఆ మెరుగు తొందరగా వచ్చింది మందు వల్లే, తిండి వల్ల అని నేను అనను. తిండి పని తర్వాత కనిపించింది. మందు ఆపేసి మూడు నెలలైనా విటమిన్-ఎ పడిపోలేదు, ఆరో నెల పరీక్షలో 33 ఉంది.

హిమోగ్లోబిన్ సంగతిలో కూడా ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. గోళీ వేళ మారింది, గ్యాస్ గోళీ ఆగింది, బీ12 అందింది, నూనె, నిమ్మకాయ, గుడ్డు వచ్చాయి. అన్నీ రెండు నెలల్లోనే. ఒక్కొక్కటే మార్చి చూస్తే పరిశోధనకు బాగుండేది, 9.1 మీద ఉన్న మనిషితో ఆ పని చేయలేను. నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. ఐదు నెలలు పనిచేయని గోళీ, వేళ మారిన ఆరు వారాల్లో పనిచేయడం మొదలుపెట్టింది.

కోడలి అరచేతులు జ్యూస్ ఆపిన మూడో నెలకు మామూలు రంగుకు వచ్చాయి. అరికాళ్లకు ఇంకో నెల పట్టింది. టీఎస్‌హెచ్ 18 నుంచి 4.1కి దిగింది, ఎల్‌డీఎల్ 121. బరువు మూడు కిలోలు తగ్గింది. జుట్టు రాలడం పూర్తిగా ఆగలేదు, కొంత తగ్గిందంటోంది.

మొన్న ఉగాది తర్వాత ఇద్దరూ వచ్చారు. అత్త తన వెంట ఒక స్టీలు డబ్బా తెచ్చింది. లోపల చింతచిగురు పప్పు, మీద ఎర్రగా వేగిన ఎల్లిగడ్డ పోపు. నూనె ఎంత వేసిందో చూపించడానికి టీ స్పూన్ కూడా సంచిలో పెట్టుకొచ్చింది. ఎండాకాలం కదా, కోడలు పొద్దున మామిడిపండు రసం మొదలుపెట్టిందని, దాన్ని ఆపించమని నాకు ఫిర్యాదు చేసింది. ఎన్ని పండ్లు అని అడిగాను. రోజుకు ఒకటే అంది కోడలు. అరచేతులు చూశాను, బాగానే ఉన్నాయి. ఒక పండైతే ఫర్వాలేదన్నాను. బీ12 మళ్లీ జూన్‌లో చూడాలి. టీఎస్‌హెచ్ ఆరు వారాల తర్వాత.